స్టేనియస్ వీపు

సోపాత్రుడి దగ్గర ప్రశ్న అడిగినవాడికి ఆ పూట జవాబు దొరికేది కాదు. పొద్దున అడిగినదానికి సాయంత్రం చెప్పేవాడు, సాయంత్రం అడిగినదానికి మర్నాడు పొద్దున. ఈలోగా అడిగినవాడికి చిక్కుడుపాదుకు నీళ్లు పోసే పనో, మేకకు మేత కోసే పనో తగిలేది. ఆ పని అయ్యేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే చచ్చిపోయేవి. బతికి బయటపడ్డవాటికే ఆయన నోరు విప్పేవాడు. సిసిలీ ద్వీపం పడమటి కొసన, ఎదురుగా సముద్రంలో మూడు దీవులు కనబడే ఒక బెస్తపల్లెలో ఆయన ఇల్లు. చదువుకున్నవాళ్లు ఆయన్ని గొప్పవాడనేవారు, బెస్తవాళ్లు మంచివాడనేవారు. ఆయన మేక మాత్రం ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అందరితోపాటు ఆయన్నీ కుమ్మేది.

ఆయన తన అలవాటు తప్పింది ఒక్కసారే, అది లియోన్ విషయంలో. లియోన్ సిరక్యూస్ నగరంలో ఒక నూనె వర్తకుడి కొడుకు. వట్టి కోపిష్ఠి. కొట్టుకు వచ్చిన బేరగాళ్లతోనే కలియబడుతుంటే, ఇక వీడితో వేగలేనని తండ్రి తీసుకొచ్చి సోపాత్రుడికి అప్పగించాడు. మూడేళ్లపాటు లియోన్ గురువు చెప్పింది చెప్పినట్టు చేశాడు. కోపం రాగానే ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు, నోటిదాకా వచ్చిన మాటను మింగమంటే మింగాడు. మూడేళ్లు అలా గడిచాక, ఒక మధ్యాహ్నం మేక తన చెప్పు నమిలిందని దానితో చాలాసేపు పోట్లాడి, చేతిలో ఉన్న నీళ్లకుండ నేలకేసి కొట్టాడు. మేక ఏమీ అనుకోలేదు. లియోన్‌కే తనంటే అసహ్యం పుట్టింది. మర్నాడు పొద్దున్నే రేవులో సిరక్యూస్ పోయే పడవ కనబడింది. మూట కట్టుకుని గురువు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"వెళ్లిపోతున్నాను, గురువుగారూ. మూడేళ్లయింది. ముందుకు పోతున్నానో, మొదలుపెట్టినచోటే ఉన్నానో నాకు కనబడడం లేదు. ఎంత దూరం వచ్చానో తెలియకుండా మనిషి ఎన్నాళ్లని పాటుపడతాడు?"

అలవాటు ప్రకారం ఈ ప్రశ్నకు సాయంత్రం దాకా ఆగాలి. సాయంత్రానికి పడవ ఉండదు, శిష్యుడూ ఉండడు. సోపాత్రుడు రేవు వైపు చూశాడు, లియోన్ కళ్లలో తిరుగుతున్న నీళ్లూ చూశాడు. చిక్కుడుపాదు దగ్గర చెంబు దించి, అరుగు మీద చోటు చూపించాడు. పడవవాడు ఇంకా ఉప్పుమూటలు ఎక్కిస్తున్నాడు, కాస్త వ్యవధి ఉంది.

"ఆ దీవుల ముందు జరిగిన యుద్ధం సంగతి నీకు తెలుసుగా?" అన్నాడు.

తెలియకేం. అప్పటికి అది జరిగి పదిహేనేళ్లే. రోమ్, ఆఫ్రికా ఒడ్డున ఉన్న కార్తేజ్ ఈ సిసిలీ కోసం ఇరవై మూడేళ్లు కొట్టుకున్నాయి. చివరికి ఆ దీవుల ముందు జరిగిన ఓడల యుద్ధంలో రోమ్ గెలిచింది, దానితో మొత్తం యుద్ధమే ముగిసింది. లియోన్ చిన్నప్పుడు వీధిలో పిల్లలందరితో కలిసి ఆ యుద్ధమే ఆడుకున్నాడు. ఏ ఓడలు ఎటు నిలిచాయో, గాలి ఎటు వీచిందో, ఎన్ని మునిగాయో గడగడా అప్పజెప్పాడు.

"ఒడ్డున నిలబడి చూసినవాడిలా చెప్పావు. ఓడలో ఉన్నవాడికి ఎలా ఉందో విను. కిందటేడు ఉన్నిమూటలతో మన రేవుకు వచ్చినప్పుడు అతనే చెప్పాడు," అని సోపాత్రుడు మొదలుపెట్టాడు.

అతని పేరు విబియస్. ఇటలీలో కొండల మీద గొర్రెలు కాసుకునేవాడు. యుద్ధానికి ఇరవై మూడేళ్లయితే అతనికి ఇరవై ఒకటి. పుట్టి బుద్ధెరిగాక యుద్ధం లేని రోజు ఒక్కటీ చూడలేదు. పక్క ఊళ్లో ఒవియా అనే పిల్ల మీద మనసు పడ్డాడు. ఒవియాకూ ఇష్టమే. ఆమె తండ్రి ట్రెబియస్ దగ్గరికి వెళ్లి పిల్లనడిగితే, ఆయన గడ్డం నిమురుకుంటూ, "అలాగేలేవోయ్. యుద్ధం ఆగనీ, చూద్దాం," అన్నాడు. ఆ కొండల్లో ఆ రోజుల్లో ఎవరికైనా మర్యాదగా కాదని చెప్పాలంటే ఆ మాటే చెప్పేవారు. ఎద్దును అరువడిగినా అదే మాట, పొలంగట్టు తగాదా తీర్చమన్నా అదే మాట. విబియస్ మాత్రం దాన్ని ఇచ్చిన మాటగానే తీసుకున్నాడు. యుద్ధం ఆగడమే కావాలంటే వెళ్లి ఆపి వస్తాను, అంతేగా అనుకుని, రోమన్లు కొత్త ఓడలకు మనుషుల్ని పోగుచేస్తున్నారని విని కొండ దిగి వచ్చాడు. సముద్రాన్ని చూడడం అతనికి అదే మొదలు. ఇన్ని నీళ్లు ఎవరికి పనికొస్తాయని అడిగాడట.

ఓడ ఎక్కించే ముందు వాళ్లను ఒడ్డునే ఇసుకలో కూర్చోబెట్టారు. ఓడలో ఉండే బల్లల్లాంటివే ఇసుకలో వరసగా పాతి, చేతికి తెడ్లిచ్చి, సన్నాయివాడు పాట అందుకుంటే దానికి సరిగా గాలిలో తెడ్లు వెయ్యమనేవారు. పొద్దుటినుంచి పొద్దుగుంకేదాకా అదే పని. ఊళ్లోవాళ్లు ఒలీవపళ్లు నములుతూ వచ్చి చూసేవారు. "ఎందాకా వచ్చారయ్యా? ఆఫ్రికా కనబడుతోందా?" అని పలకరించి పోయేవారు. కుర్రాళ్లకు తల కొట్టేసినట్టుండేది.

అందరికీ వచ్చిన పని విబియస్‌కి రాలేదు. బలం లేక కాదు, అది కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. తెడ్డు వేసేవాడు ఓడ ఎటు పోతుందో అటు వీపు పెట్టి కూర్చుంటాడు. గొర్రెలవాడికి అది మింగుడుపడదు. ఎదర గొయ్యి ఉందో, తోడేలు ఉందో చూసుకోకుండా అడుగు వెయ్యడం వాళ్ల ఇంటావంటా లేదు. నాలుగు ఊపులు ఊపగానే విబియస్ మెడ తనంతట తానే వెనక్కి తిరిగేది. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే తెడ్డు వెళ్లి పక్కవాడి తెడ్డుకు కొట్టుకుంటుంది, వాడిది ఆ పక్కవాడిదానికి. ఒక్కసారిగా ఆ వరసంతా చెల్లాచెదరయ్యేది. ఇసుకలో కూర్చున్నప్పుడైతే నవ్వులతో పోయేది. నీళ్ల మీద అయితే ఓడ అక్కడే ఆగిపోతుంది.

తెడ్ల మేస్త్రి వయసు మళ్లినవాడు, రెండు మునిగిన ఓడల్లోంచి ఈదుకొచ్చినవాడు. మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు విబియస్ గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పాడు. ఆ ముఖం ముందు బల్ల మీద కూర్చున్న స్టేనియస్ వీపుకు ఎదురుగా వచ్చి ఆగింది. స్టేనియస్ రాళ్లు కొట్టేవాడు. ఆ వీపు ఇద్దరి వీపంత ఉండేది.

"ఎదర ఏముందో చూడడానికి పైన వేరే మనిషి ఉన్నాడు. నువ్వు చూడాల్సింది ఇదీ. ఇది వంగితే వంగు, లేస్తే లే. ఇంకోసారి మెడ తిరిగిందా, నిన్ను ఒడ్డున తెరచాపలకు కాపలా పెడతాను. నీ యుద్ధం అక్కడే అయిపోతుంది," అన్నాడు మేస్త్రి.

 ఒడ్డున కూర్చుని తెరచాపలకు కాపలా కాసి వచ్చాననీ, యుద్ధం ఇంకా సాగుతూనే ఉందనీ ట్రెబియస్‌కి చెప్పుకోవడం విబియస్ తలుచుకున్నాడు. ఆనాటి నుంచి ఆ వీపును పట్టుకున్నాడు. చలికాలమంతా, ఇసుకలోనూ తర్వాత ఓడ అడుగు వరసలోనూ, అతను చూసిన లోకం అదొక్కటే. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ ఎక్కడుందో, అలసట వస్తే ఏ కండ ముందు వణుకుతుందో, స్టేనియస్ పొద్దున్న కడుపునిండా తిన్నాడో లేదో అతనికి ఆ వీపే చెప్పేది. ఒకసారి బెంగ పుట్టి, "నాకు ఒవియా ముఖం మరుపుకొస్తోందిరా, నీ వీపు మాత్రం కళ్లు మూసుకున్నా కనబడుతోంది," అన్నాడు. "పెళ్లి నన్ను చేసుకోకు," అన్నాడు స్టేనియస్ వెనక్కి తిరక్కుండానే. మేస్త్రి మరో సంగతి కూడా వాళ్లకు పదే పదే నూరిపోశాడు. గాలివానలో సన్నాయి వినబడదు. కాబట్టి సన్నాయి ఆగినా చెయ్యి ఆగకూడదు. ఆపమని మనిషి వచ్చి నోటితో చెప్పేదాకా వెయ్యాల్సిందే.

యుద్ధం రోజు రానే వచ్చింది. ఆ పొద్దున వీచింది పడమటి గాలి, అదీ పెద్దది. కార్తేజ్ ఓడలు ధాన్యం నింపుకుని, ఆ గాలిని తెరచాపల నిండా పట్టుకుని, కొండ మీద ఆకలితో ఉన్న తమ సైన్యానికి అందించడానికి వస్తున్నాయి. అవి ఒడ్డు చేరాయా, సైన్యానికి తిండి దొరుకుతుంది, యుద్ధం ఇంకెన్నేళ్లు సాగుతుందో దేవుడికెరుక. ఎదురుగాలిలో, ఎదురలల మీద వాటికి అడ్డం పోవాలా వద్దా అని పైన పెద్దలు తర్జనభర్జన పడ్డారట. కింద ఉన్నవాళ్లకు తెలిసింది ఒక్కటే. పొద్దున్నే తెరచాపలూ వాటి కొయ్యలూ విప్పి ఒడ్డున పడేశారు. ఇక ఓడకు గాలితో పని లేదు, ముందుకు పోయినా వెనక్కి వచ్చినా తమ రెక్కలతోనే. విబియస్ ఒక్క ఊపిరి గట్టిగా తీసుకుని, వీపుకు ఎదురుగా కూర్చున్నాడు.

సన్నాయి మొదలైంది. నువ్వు చెప్పిన యుద్ధమంతా, లియోన్, అతని నెత్తి మీద పలకల అవతల జరిగింది. అతనికి చీకటి, చెమట వాసన, ఆ వీపు. పైన కేకలు పుట్టేవి. అవి గెలుపు కేకలో చావు కేకలో తెలిసేది కాదు. ఒక అల తెడ్ల సందుల్లోంచి వచ్చి మోకాళ్ల దాకా తడిపేసింది, మునుగుతున్నామేమో అనుకున్నాడు. భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అప్పుడు పైనెవడో పెద్దగా, "అదుగో, ఎదరే ఉన్నాయి," అని అరిచాడు. ఎదర అంటే విబియస్ వీపు వెనక. అతని పెళ్లి, అతని ఇల్లు, పుట్టబోయే పిల్లలు, అన్నీ ఆ వెనక ఉన్నాయి. ఒక్క రెప్పపాటు చూస్తే చాలుననిపించింది. మెడలో నరం కదిలింది.

"వద్దు," అంది ముందు బల్ల. స్టేనియస్ తిరిగి చూడలేదు. వెనక తెడ్డు ఒక్క పిసరు ఆలస్యంగా నీళ్లలో పడడం అతనికి వినబడింది, అంతే. విబియస్ మెడ బిగబట్టాడు. వీపు వంగింది, తనూ వంగాడు. మరుక్షణం ఓడ ముక్కున ఉన్న కంచు కొమ్ము దేన్నో పొడిచింది, అందరూ బల్లల మీంచి ఒకళ్లమీదొకళ్లు పడ్డారు. పొడిచామా, పొడిపించుకున్నామా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. మేస్త్రి అరిస్తే లేచి కూర్చుని మళ్లీ అందుకున్నారు.

అలా ఎంతసేపు వేశారో. కాసేపటికి సన్నాయి ఆగిపోయింది. నేర్పింది నేర్పినట్టు వాళ్లు చెయ్యి ఆపలేదు. స్టేనియస్ రాళ్లు కొట్టేటప్పటి పాట ఒకటి ఎత్తుకున్నాడు, నాలుగు మాటల పాట. మూడు వరసలూ దాన్ని అందుకున్నాయి. చిత్రమేమిటంటే, సన్నాయి కన్నా ఆ పాటకే ఓడ హాయిగా కదిలింది. భయం ఎటు పోయిందో తెలియదు. విబియస్‌కి యుద్ధం గుర్తులేదు, ట్రెబియస్ గుర్తులేడు, ఒవియా కూడా గుర్తులేదు. చెయ్యి, తెడ్డు, వీపు, నీళ్లు ఒక్కటైపోయాయి. తన బతుకులో అంత సంతోషం అంతకుముందు ఎరగనని అతను చెప్పుకున్నాడు.

చాలాసేపటికి పై మూత తెరిచి మేస్త్రి తల లోపలికి పెట్టాడు. ఆ తల మీద ఎవరిదో పూలదండ ఉంది.

"ఒరేయ్, ఇంకా ఎందుకు వేస్తున్నార్రా?" అన్నాడు.

పాట ఆగింది. "యుద్ధం ఎలా ఉంది మేస్త్రీ?" అని అడిగాడు స్టేనియస్.

"ఏ యుద్ధం? అదెప్పుడో అయిపోయింది. గెలిచాం."

జరిగిందేమిటంటే, గెలుపు ఖాయం కాగానే సన్నాయివాడు చూద్దామని పైకి పరిగెత్తాడు. వెనకే వెళ్లిన మేస్త్రి అతన్ని కౌగిలించుకుని ఏడ్చాడు. కింద తెడ్లు పడుతున్నాయంటే సేనాపతి ఏదో ఆజ్ఞ ఇచ్చి ఉంటాడని చుక్కాని పట్టేవాడు అనుకున్నాడు, చుక్కానివాడికి తెలిసే ఉంటుందని సైనికులు అనుకున్నారు. కిందివాళ్లకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. మిగతా ఓడలన్నీ పట్టుబడ్డవాటిని పోగుచేసుకుంటుంటే, ఈ ఒక్క ఓడ మాత్రం పాట పాడుకుంటూ, పద్ధతిగా తెడ్లు వేసుకుంటూ, దీవులు దాటి ఎవరూ లేని సముద్రంలోకి పోతోంది.

"అయితే మేమిప్పుడు ఎటు పోతున్నాం?" అన్నాడు విబియస్.

మేస్త్రి తల పైకెత్తి నాలుగు దిక్కులూ చూసి, మళ్లీ లోపలికి పెట్టాడు. "ఎటూ లేదు," అన్నాడు. ముందు స్టేనియస్ వీపు కదిలింది, ఊగింది, ఆ తర్వాత ఓడ అడుగంతా నవ్వులతో దద్దరిల్లింది. నవ్వి నవ్వి కొందరు బల్లల మీదే పడుకున్నారు. పైకెక్కి చూస్తే ఎండ, గాలి, దూరంగా విరిగిన పలకలు, తేలుతున్న ధాన్యం, దాని మీద వాలుతున్న పక్షులు. తేలుతున్నవాటిలో మనుషులు కూడా ఉన్నారు, రెండు వైపులవాళ్లూ. వాళ్లను చూసి విబియస్ నవ్వు ఆపేశాడు. తర్వాత ఒక సైనికుడి చెయ్యి పట్టుకుని, "అయిపోయింది ఇవాల్టి యుద్ధమా, మొత్తం యుద్ధమా?" అని అడిగాడు. "మొత్తమే అనుకో," అన్నాడు సైనికుడు. విబియస్ స్టేనియస్ మెడ చుట్టూ చేతులు వేసి భోరుమన్నాడు.

సంధి కుదిరాక కొండలకు తిరిగి వెళ్లాడు. ఇల్లు కూడా చూడకుండా తిన్నగా ట్రెబియస్ వాకిట్లోకి వెళ్లి, "యుద్ధం ఆగిందండీ," అన్నాడు. ఆయన నమ్మలేదు. నమ్మడం ఆయనకు అలవాటు తప్పిపోయింది.

"నీ కళ్లతో చూశావటోయ్, గెలవడం?"

లోపల గుమ్మం వెనక ఒవియా ఉంది, విబియస్‌కి తెలుసు. చూశానని ఒక్క ముక్క అంటే చాలు. శత్రువుల ఓడలోకి తనే ముందు దూకానన్నా ఆ కొండల్లో కాదనేవాడు లేడు. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదండీ," అన్నాడు. "నేను స్టేనియస్ అని ఒకడి వీపు చూశాను. అది తప్ప ఏమీ చూడలేదు. గెలిచిన చాలాసేపటికి గానీ గెలిచామని మాకు తెలియలేదు."

గుమ్మం వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ట్రెబియస్ గడ్డం నిమురుకున్నాడు.

"ఇరవై మూడేళ్లుగా యుద్ధం నుంచి వచ్చిన ప్రతివాడూ ఈ వాకిట్లో నిలబడి యుద్ధం ముగియడం కళ్లారా చూశాననే చెప్పాడు. ఒక్కడు చెప్పిందీ నిజం కాలేదు," అన్నాడు చివరికి. "నువ్వొక్కడివే చూడలేదన్నావు. అయితే నిజంగానే ఆగి ఉంటుంది. కాళ్లు కడుక్కుని లోపలికి రా."

సోపాత్రుడు కథ ఆపాడు. లియోన్ ఎప్పటినుంచి నవ్వుతున్నాడో అతనికే తెలియదు. రేవులోంచి పడవవాడు రెండోసారి కేకేశాడు. లియోన్ లేచి రేవుకు వెళ్లి, తన రాక కోసం ఎదురుచూడవద్దని తండ్రితో చెప్పమని పడవవాడికి చెప్పి, మూటతో సహా తిరిగి వచ్చాడు. వస్తూ దారిలో ఏదో ఆలోచించుకున్నట్టుంది. గురువు ఎదుట బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఉంటాను, గురువుగారూ. మీరు చెప్పినట్టే చేస్తాను, ఎంత దూరం వచ్చానని ఇక అడగను. ఒక్కటే కోరిక. పైన ఉండి చూసేవారు మీరు. నేను చేరిన రోజున ఆ మేస్త్రిలా మరిచిపోకుండా, మూత తెరిచి ఒక్క మాట చెప్పండి, చాలు."

సోపాత్రుడు చెంబు అందుకుని చిక్కుడుపాదు వైపు తిరిగాడు.

"నేను పైన ఉన్నానని నీకెవరు చెప్పారు, నాయనా?" అన్నాడు. "నేనున్నది నీ ముందు బల్ల మీద."